టైప్‌డెఫ్‌లు తీసేసి స్ట్రక్ట్ అని రాయాలంటే

బెంగళూరు మారతహళ్ళిలో మా ఆఫీసులో పాత డ్రైవర్ కోడ్ చూసుకునేది నేనే. అందులో కనబడిన ప్రతి స్ట్రక్చర్‌కీ ఒక టైప్‌డెఫ్, అంటే సి భాషలో టైపుకి పెట్టే మారుపేరు. లినక్స్ కర్నెల్ కోడింగ్ స్టైల్ దీన్ని ఒప్పుకోదు. కొత్త టైప్‌డెఫ్ కనబడితే, స్టైల్ తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ వార్నింగ్ ఇస్తుంది. "సెడ్‌తో లేపేద్దాం అక్కా" అంటాడు మా టీమ్‌లో అనంతపురం కుర్రాడు. సెడ్ అంటే టెక్స్ట్‌లో పదాలు మార్చే కమాండ్, దానికి అక్షరాలే తప్ప సి తెలీదు. కామెంటైనా, స్ట్రింగైనా మార్చిపారేస్తుంది. సి కోడ్‌ని అర్థం చేసుకుని మార్చే కాక్సినెల్ అనే టూల్ వాడండి.

ముందు, పేరులేని స్ట్రక్చర్లకు చేత్తోనే ట్యాగ్, అంటే స్ట్రక్ట్ అన్న మాట తర్వాత వచ్చే పేరు, పెట్టి కమిట్ చేయండి. ప్యాకెట్_టి అనే టైపుకి ట్యాగ్ ప్యాకెట్ అనుకుందాం. ఆ పేరుతో వేరియబుల్ ఉన్నా టెన్షన్ అక్కర్లేదు, సి లో రెండూ గొడవపడవు.

రూల్ ఫైల్ చిన్నదే. రెండు జతల ఎట్ గుర్తుల మధ్య ప్యాకెట్_టి ఒక టైప్‌డెఫ్ అని చెప్పి, కింద మైనస్ లైనులో ప్యాకెట్_టి, ప్లస్ లైనులో స్ట్రక్ట్ ప్యాకెట్ రాయాలి. కాక్సినెల్‌ని నడిపే కమాండ్ ఎస్‌ప్యాచ్. దాన్ని మొదట ఇన్‌ప్లేస్ ఆప్షన్ లేకుండా నడిపితే డిఫ్ మాత్రమే చూపిస్తుంది. హెడర్లు కూడా మారాలంటే ఇంక్లూడ్ హెడర్స్ ఆప్షన్ ఇవ్వాలి. అర్థంకాని మాక్రో తగిలిన ఫంక్షన్‌ని అది చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అందుకే టైప్‌డెఫ్ లైన్ ఆఖర్న తీసేయండి, మిగిలినవన్నీ కంపైలరే పట్టిస్తుంది. ఇఫ్‌డెఫ్ వెనక దాక్కున్నవాటి కోసం మిగతా కాన్ఫిగ్‌లూ బిల్డ్ చేయాలి. సాయంత్రం మొదలుపెట్టి బయల్దేరండి, మీరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటేలోపు అయిపోతుంది.

పాయింటర్ టైప్‌డెఫ్‌ల జోలికి మాత్రం ఈ రూల్‌తో పోకండి. ప్యాకెట్_పి అంటే స్ట్రక్ట్ ప్యాకెట్ స్టార్ అయితే, 'కాన్‌స్ట్ ప్యాకెట్_పి' లో మారకూడనిది పాయింటర్, అది చూపించే డేటా కాదు. పేరు చోట పేరు పెడితే 'కాన్‌స్ట్ స్ట్రక్ట్ ప్యాకెట్ స్టార్' అవుతుంది, అర్థం తిరగబడుతుంది. కాన్‌స్ట్ స్టార్ తర్వాత రావాలి. 'ప్యాకెట్_పి ఎ, బి' అన్నచోట బి కి కూడా స్టార్ పెట్టాలి. ఇవన్నీ గ్రెప్‌తో వెతికి కళ్ళతో చూడాల్సినవే.

డీబగ్ సమాచారం లేకుండా ముందూ వెనకా బిల్డ్ చేసి, ఆబ్జెక్ట్ ఫైళ్ళను బైటు బైటు పోల్చే సీఎంపీ కమాండ్‌తో పోల్చండి. ఒకేలా ఉండాలి. అసర్ట్‌లున్న ఫైళ్ళలో లైన్ నంబర్లు జరిగి తేడా వస్తే అది మామూలే. పైన చెప్పిన కాన్‌స్ట్ తప్పు మాత్రం చాలాసార్లు ఇక్కడ దొరకదు, రెండు రకాలకూ అదే మెషీన్ కోడ్ వస్తుంది కాబట్టి.

రూల్‌ని కమిట్ మెసేజ్‌లోనే పెట్టండి. బ్రాంచ్‌లు ఇంకా మెర్జ్ కానివాళ్ళు తమ కోడ్ మీద తామే నడుపుకుంటారు.