పూడిపోయిన అగ్నిపర్వతాల వేట, 3వ భాగం: నీలి మచ్చల్ని వదలకండి

పోయిన భాగంలో ఎడారిలో లైన్ల వెంట నడిచి మాగ్నెటోమీటర్‌తో, అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే పరికరంతో, రీడింగులు తీసుకోవడం చూశాం కదా, ఇప్పుడు వాటిని చదవడం.

ముందు బేస్ స్టేషన్ పని. భూమి అయస్కాంత క్షేత్రం పగటిపూట పదుల నానోటెస్లాల (ఆ బలాన్ని కొలిచే యూనిట్) మేర మారుతూనే ఉంటుంది, లోతున ఉన్న బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, చూపించే తేడా కూడా ఒక్కోసారి అంతే, అందుకే ఒక మాగ్నెటోమీటర్‌ని కదపకుండా ఒకేచోట ఉంచమన్నది. పొద్దున బేస్ 50,000 చూపించింది అనుకోండి. 11 గంటలకు మీ చేతిలోది 50,140, అదే నిమిషంలో బేస్ 50,020. పెరిగిన ఆ 20 కింద ఉన్న రాయిది కాదు, తీసేయండి: 50,120. విసుగు పనే, తప్పదు.

ఇక ఈ సరిచేసిన విలువలతో రంగులు వేసిన మ్యాపు. కొత్తవాళ్ళు ఎక్కువ విలువలున్న ఎర్ర మచ్చలకే సున్నాలు చుడతారు, తక్కువ విలువలున్న నీలివి వదిలేస్తారు. అక్కడే పొరపాటు. లావా చల్లారి దాదాపు 580 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగేటప్పుడు అందులోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం అప్పటి భూమి క్షేత్రం దిశను పట్టేసుకుంటుంది, ఆ క్షేత్రం చివరిసారిగా తిరగబడింది, అంటే ఉత్తర దక్షిణాలు తారుమారైంది, దాదాపు 7.8 లక్షల ఏళ్ళ కిందట. అంతకుముందు తిరగబడి ఉన్న కాలాల్లో చల్లారిన లావా ఇప్పటి క్షేత్రాన్ని తగ్గిస్తుంది, నీలంగా కనిపిస్తుంది. అమెరికాలో నెవాడాలోని అమర్గోసా ఎడారే చూడండి. పక్కనే ఉన్న యక్కా మౌంటెన్‌లో అణు వ్యర్థాలు దాచాలనుకున్నారు కాబట్టి అక్కడ అగ్నిపర్వతాల లెక్క తేలాల్సి వచ్చింది. దాదాపు 80 వేల ఏళ్ళ నాటి లాత్రాప్ వెల్స్ అనే శంకువు ఆకారపు అగ్నిపర్వతం కళ్ళెదుటే ఉంది, గొడవంతా ఒండ్రు కింద పూడిపోయిన వాటితోనే. విమానం నుంచి చేసిన సర్వేల్లో రెండు రకాల మచ్చలూ పడ్డాయి, బోర్లు వేస్తే కొన్నిచోట్ల నిజంగానే బసాల్ట్ తగిలింది.

కొన్నిచోట్లే, ఎందుకంటే అక్కడి టఫ్ (అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డ రాయి)లోనూ అయస్కాంతత్వం గట్టిగానే ఉంటుంది. మచ్చ గుండ్రంగా, విడిగా ఉంటే అగ్నిపర్వతం మీద ఆశ పెట్టుకోవచ్చు, పొడుగ్గా ఒక గీతలా సాగితే టఫ్ పొరను విరిచిన ఫాల్ట్‌ని, అంటే రాళ్ళు జరిగిన పగులుని, ముందు అనుమానించండి.

లోతుకి ఓ మోటు లెక్క: చుట్టుపక్కల కంటే 120 నానోటెస్లాలు లేచిన మచ్చ, అందులో సగం, అంటే 60 దగ్గర 300 మీటర్ల వెడల్పు ఉందనుకోండి, రాయి గుండ్రటి ముద్దలా ఉంటే దాని మధ్యభాగం సుమారు 300 మీటర్ల లోతున ఉన్నట్టు, పైభాగం ఇంకా పైనే. నిలువు గొట్టంలా కిందికి చాలా లోతు దాకా పోతే పైకొస దాదాపు 200 మీటర్ల లోతున. మీ లైన్ల మధ్య దూరం ఈ లోతు కంటే ఎక్కువుంటే ఈ లెక్క నమ్మొద్దు, మధ్యలో ఇంకో లైన్ నడిచి రండి.