ఒడిశా సరిహద్దు జిల్లాలలో పసుపు రైతులకు ఆహార భద్రత శిక్షణ: నిధులు రాబట్టుకోవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ పరిసరాలలో పసుపు, అల్లం, జీడిపప్పు, చింతపండు అమ్ముకునే కుటుంబాల సరుకు మంచిదే అయినా, అది ఏ పొలంలో పండింది, ఎవరి కళ్లంలో ఎండింది, ఎవరి చేతుల మీదుగా సంతకు చేరింది అన్న వివరం సాధారణంగా సరుకు వెంట వెళ్లదు. ఆ వివరం లేనప్పుడు ఒక్క బస్తాలో బూజు కనిపించినా నష్టం ఊరందరి మీదా పడుతుంది. సరుకును శుభ్రంగా ఉంచడం, దాని జాడ తెలిసేలా రాసిపెట్టడం నేర్పడానికి ప్రభుత్వ పథకాలలో డబ్బు ఉంది. కాని అది ఒకే చోట, ఆ పేరుతో దొరకదు. రైతు ఉత్పత్తిదారుల సంఘమైనా, మహిళా సంఘాల సమాఖ్య అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా దాన్ని ఎలా సాధించుకోవచ్చో పసుపును ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

సరుకు ఎక్కడ పాడవుతోందో ముందు తేల్చుకోండి

“రైతులకు అవగాహన కల్పిస్తాము” అని మాత్రమే రాసిన దరఖాస్తుకు డబ్బు మంజూరు చేయడం ఏ అధికారికైనా కష్టమే, ఎందుకంటే ఆ డబ్బుతో ఏమి మారుతుందో అందులో ఉండదు. ఒక పంటను, ఆ పంట ప్రయాణంలో ఒకటి రెండు ప్రమాద స్థానాలను ఎంచుకోవాలి. పసుపులో అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఉడికించిన కొమ్ములను వట్టి నేల మీద ఆరబోస్తే మట్టి, పేడ, కోళ్ల రెట్ట అంటుకుంటాయి. పూర్తిగా ఎండకముందే బస్తాకెత్తితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం తయారయ్యే వీలుంటుంది. మెరుగు పెట్టే దశలో రంగు కోసం ఎవరైనా లెడ్ క్రోమేట్ కలిపితే సీసం నేరుగా తినేవారి ఒంట్లోకి చేరుతుంది; పిల్లలకు అది చేసే హాని మరీ ఎక్కువ. మన దేశ ప్రమాణాల ప్రకారం పసుపు కొమ్ములలో తేమ 12 శాతం, పొడిలో 10 శాతం మించకూడదు. లెడ్ క్రోమేట్ అసలే ఉండకూడదు.

బాగా ఎండిన కొమ్ము టక్కున విరుగుతుంది, తడి మిగిలినది వంగి నెమ్మదిగా తెగుతుంది. పండించేవారికి ఈ పరీక్ష తెలిసిందే. తేమ కొలిచే మీటరు అదే సంగతిని అంకెగా చూపిస్తుంది, ఆ అంకె చేతిలో ఉన్నప్పుడు కొనుగోలుదారుతో ధర గట్టిగా మాట్లాడవచ్చు. అందుకే దరఖాస్తుకు ముందే కొన్ని ఇళ్ల సరుకు నుంచి నమూనాలు తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ నివేదికను జత చేయండి. సుగంధ ద్రవ్యాల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు వారి నాణ్యత పరీక్ష ప్రయోగశాల గుంటూరులో ఉంది. ఈ తొలి పరీక్షల ఖర్చు సంఘమే భరించవలసి వచ్చినా వెనుకాడవద్దని నా సలహా, ఎందుకంటే శిక్షణ తరువాత మార్పు చూపించడానికి ఇంతకు మించిన ఆధారం ఉండదు.

కళ్లం దగ్గర గీత గీయండి

ఇది తెలియకనే చాలా దరఖాస్తులు తప్పు కార్యాలయానికి వెళుతున్నాయి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం రైతుకు, వ్యవసాయ పనులకు, పొలం స్థాయిలో రైతు దగ్గర ఉన్న పంటకు వర్తించదు. సరుకు కళ్లం దాటి వ్యాపారి చేతికో పొడి మిల్లుకో చేరాకే రిజిస్ట్రేషన్, లైసెన్సు, లేబుల్ నిబంధనలు మొదలవుతాయి. డబ్బు కూడా సరిగ్గా అక్కడే రెండు దారులు పడుతుంది. కళ్లానికి ఇవతలి శిక్షణకు వ్యవసాయ శాఖ, నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు), స్పైసెస్ బోర్డు పథకాలను ఆశ్రయించాలి. అవతలి శిక్షణకు ఆహార శుద్ధి పథకాలను ఆశ్రయించాలి. కాబట్టి మీ ప్రతిపాదనను మొదటినుంచే రెండు భాగాలుగా రాసి, రెండింటినీ కలిపే తాడుగా లాట్ రిజిస్టరును, అంటే ఒక్కో బస్తా జాడ రాసే పుస్తకాన్ని, పెట్టండి.

లాట్ రిజిస్టరు అంటే ఖరీదైన సాఫ్ట్‌వేరు కానక్కరలేదు. ప్రతి బస్తాకు ఒక అట్ట ముక్క కట్టి దాని మీద “గు-07-1203” అని రాస్తే చాలు: ఊరి పేరులోని మొదటి అక్షరం, సభ్యుని సంఖ్య, బస్తాకెత్తిన తేదీ, నెల. పుస్తకంలో అదే సంఖ్య ఎదురుగా బరువు, తేమ శాతం, ఎవరికి అమ్మారు అన్న మూడు గడులు ఉండాలి. మిల్లులో రెండు మూడు లాట్లు కలిపి పొడి పడితే, ఏయే లాట్లు కలిశాయో కొత్త బ్యాచ్ సంఖ్య పక్కన రాయాలి. సరుకు ఎవరి నుంచి వచ్చిందో, ఎవరికి వెళ్లిందో చెప్పగలగడమే ట్రేసబిలిటీకి పునాది. ఎగుమతి రంగంలో వ్యవసాయ ఎగుమతుల కేంద్ర సంస్థ అపెడా 2006లో ద్రాక్ష జాడ తెలుసుకోవడం కోసం ప్రారంభించిన గ్రేప్‌నెట్ వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

ఏ తలుపు ఎందుకు తట్టాలి

కళ్లానికి ఇవతలి పనికి ముందుగా ఆత్మ (జిల్లా వ్యవసాయ సాంకేతిక నిర్వహణ సంస్థ) కార్యాలయానికి వెళ్లండి. జిల్లా కలెక్టరు అధ్యక్షతన నడిచే ఈ సంస్థకు రైతు శిక్షణలు, ప్రదర్శన క్షేత్రాలు, అధ్యయన యాత్రల కోసం నిధులు ఉంటాయి. శిక్షకుల కోసం కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగాలి. రాయగడ జిల్లాకు గుణుపురంలోను, గజపతికి ఆర్. ఉదయగిరిలోను, కొరాపుట్‌కు సెమిలిగుడలోను ఇవి ఉన్నాయి. నాబార్డులో జిల్లా అభివృద్ధి మేనేజరును కలిస్తే, రైతుల సామర్థ్యం పెంచే నిధి నుంచి, పరిణతి చెందిన మహిళా సంఘాలకు ఇచ్చే సూక్ష్మ వ్యాపార శిక్షణల నుంచి ఏది మీకు సరిపోతుందో చెబుతారు. మీ సంఘం 2020లో మొదలైన 10,000 ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం కింద ఏర్పడినదైతే, మూడేళ్లలో గరిష్ఠంగా 18 లక్షల రూపాయల నిర్వహణ సాయం ఉంటుంది, శిక్షణ బాధ్యత కూడా మిమ్మల్ని నడిపిస్తున్న సంస్థ మీద ఉంటుంది. ఆ శిక్షణలో ఆహార భద్రతను చేర్చమని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి రాతపూర్వకంగా అడగండి.

కళ్లానికి అవతలి పనికి 2020లో వచ్చిన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం ముఖ్యమైనది. అందులో వ్యక్తిగత యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీతో పాటు, ఆహార శుద్ధిలో ఉన్న మహిళా సంఘాల సభ్యులకు తలా 40,000 రూపాయల వరకు మూలధనం, శిక్షణ, రిజిస్ట్రేషన్లకు సాయం ఉన్నాయి. ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు కనుక, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది ఈ పథకం దరఖాస్తులకు సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్‌ను ముందే అడగండి. మిల్లులో పనిచేసేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) వారి ఫోస్టాక్ అనే ఆహార భద్రత శిక్షణ ఉంది. లైసెన్సు ఉన్న యూనిట్‌లో ప్రతి 25 మంది పనివారికి అలా శిక్షణ పొందిన సూపర్‌వైజరు ఒకరుండాలి.

రాయగడ, కొరాపుట్ జిల్లాలలో బాక్సైట్ గనులు ఉన్నందున గనుల ప్రభావం పడిన ప్రాంతాల కోసం ఉన్న జిల్లా ఖనిజ నిధి మరో దారి. నైపుణ్య శిక్షణ, జీవనోపాధి దాని ప్రాధాన్య రంగాలలోనే ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంత గ్రామాలలో గ్రామసభ ఆమోదం తప్పనిసరి కనుక ఆ తీర్మానం ముందుగా సిద్ధం చేసుకోవాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు అడిగేటప్పుడు ఒక ఇబ్బంది ఎదురవుతుంది: ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన రైతు సంఘం ఆ డబ్బును అమలు సంస్థగా నేరుగా తీసుకోలేదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులతో పాటు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలకు ఇచ్చే సీఎస్ఆర్-1 సంఖ్య ఉన్న ట్రస్టుతోనో సొసైటీతోనో ఒప్పందం చేసుకుని కలిసి వెళ్లాలి.

భాష ఖర్చును బడ్జెట్‌లో దాచకుండా రాయండి

ఈ జిల్లాలలో దరఖాస్తు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాస్తాము, కాని వినవలసినవారు ఇంట్లో తెలుగు, సవర, కువి మాట్లాడేవారు. తేమ శాతం, మందు చల్లాక ఆగవలసిన రోజులు వంటి విషయాలు సగం అర్థమైతే శిక్షణ జరిగినా జరగనట్టే. అందుచేత అనువాదకుల భత్యం, తెలుగు, స్థానిక గిరిజన భాషలలో బొమ్మల కరపత్రాల ముద్రణ, శిక్షణ తరువాత పల్లెల్లో తిరిగే ఇద్దరు ముగ్గురు స్థానిక కార్యకర్తల గౌరవ వేతనం విడివిడిగా చూపించండి. ఆత్మ నిబంధనలు ఇతర రాష్ట్రాలకు అధ్యయన యాత్రలను అనుమతిస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోను, పార్వతీపురం మన్యం జిల్లా రస్తాకుంటుబాయిలోను ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలలో పాఠం తెలుగులోనే వినవచ్చు. వీటితో పాటు తేమ మీటరు, టార్పాలిన్లు, త్రాసు, రిజిస్టర్లు, శిక్షణకు ముందు తరువాత పరీక్షల రుసుము, కూలి మానుకుని వచ్చేవారి భోజనం, దారి ఖర్చులు ఉండాలి. ఒకే ఖర్చును ఇద్దరు దాతలకు చూపించవద్దు. ఏ పద్దు ఎవరిదో తెలిపే పట్టికను ఇద్దరికీ ఇస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఎప్పుడు పెట్టాలి, లెక్క ఎలా చెప్పాలి

పసుపు తవ్వకం జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది కనుక శిక్షణ నవంబరు, డిసెంబరు నెలల్లో పూర్తి కావాలి. అందుకు దరఖాస్తు జూన్ లోపే చేరాలి. ఆత్మ ప్రణాళికలో చోటు కావాలంటే ఆర్థిక సంవత్సరం మొదలుకాకముందే బ్లాక్ స్థాయిలో మాట్లాడి ఉండాలి. డబ్బు విడతలుగా వచ్చేటప్పుడు మొదటి విడతకు వినియోగ ధ్రువీకరణ పత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో తెలిపే పత్రం) అందాకే రెండోది కదులుతుంది. కేంద్ర నిధులకు ఇది సాధారణంగా 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలలోని 12ఏ నమూనాలో ఉంటుంది. కాబట్టి విడి బ్యాంకు ఖాతా, ఏ రోజుకు ఆ రోజు నగదు పుస్తకం, సంతకాలు లేదా వేలిముద్రలున్న హాజరు పట్టీ, బిల్లులు ఒక్క ఫైలులో ఉంచాలి.

పంట అమ్మకం ముగిశాక ఒక పరీక్ష పెట్టండి. దుకాణంలో మీ సంఘం పసుపు పొడి పొట్లం ఒకటి కొని, దాని మీద ఉన్న బ్యాచ్ సంఖ్య పట్టుకుని మిల్లు పుస్తకం, సంఘం పుస్తకం మీదుగా రైతు ఇంటి వరకు వెనక్కి వెళ్లి, ఎంత సమయం పట్టిందో, ఏ పుటలో గడి ఖాళీగా ఉందో రాసుకోండి. ఆ కాగితాన్ని, రెండోసారి చేయించిన ప్రయోగశాల నివేదికను వినియోగ పత్రంతో పాటు జత చేసి రెండో విడత అడగండి.