పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి మార్పులు చేయించాక వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇక్కడి కొలతలన్నీ కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 బుల్లెట్‌వి. అంటే 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ, పాయింట్ల (తెరుచుకుని స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు) ఇగ్నిషన్, మికార్బ్ వీఎం 24 కార్బురేటరు, కుడికాలి గేరు. తర్వాత వచ్చిన అల్యూమినియం ఇంజిన్లకు లెక్కలు వేరు, వాటి మీద ఇవి ప్రయోగించొద్దు.

రంగులు వేయించి, హ్యాండిల్ మార్చి, సైలెన్సర్ మార్చిన బండి మొరాయిస్తే చాలామంది "పాత బండి కదా, అంతే" అని సరిపెట్టుకుంటారు. నిజానికి తప్పు చాలాసార్లు కొత్తగా బిగించిన వస్తువు దగ్గరే ఉంటుంది. సైలెన్సర్ మారితే కార్బురేటర్ లెక్క మారుతుంది, ఫ్రేమ్‌కి రంగు పడితే ఎర్త్ పోతుంది, హ్యాండిల్ మారితే కేబుళ్ల పొడవు చాలదు. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: బండి బాగా నడిచిన రోజు తర్వాత ఏం మార్చాం?

ఏదీ విప్పకముందు

టాపెట్లు (వాల్వులను కదిపే కడ్డీల సర్దుబాటు), పాయింట్లు, ప్లగ్, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం). ఈ నాలుగూ సరిగ్గా లేకుండా జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి పంపే సన్న రంధ్రాలు) మార్చడం డబ్బు దండగ.

టాపెట్లు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి, రాత్రంతా నిలబెట్టిన బండి అయితే మరీ మంచిది. ప్లగ్ తీసి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పుతూ కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తీసుకురండి. బోరు పక్కనున్న టాపెట్ మూత తీస్తే రెండు పుష్‌రాడ్లు కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ రెండు వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఏమాత్రం ఆడకూడదు. అసలు తిరగకపోతే టైటు: వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ఆడితే టకటకమని చప్పుడొస్తుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు సెట్టింగు కాస్త కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ వేళ్లతో తిప్పి చూడటం మరవొద్దు.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. ప్లగ్ గ్యాపు 0.5 మి.మీ. ముందు గ్యాపు, ఆ తర్వాతే టైమింగ్. గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది కనుక ఈ వరస తిరగేయకూడదు.

టైమింగ్: అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి) పూర్తిగా మూసుకుని ఉండగా, పిస్టన్ పైకొసకు చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. ప్లగ్ రంధ్రంలోంచి సైకిల్ స్పోకు దించి గుర్తు పెట్టుకోవడం మన మెకానిక్‌ల పద్ధతి. ఆ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కొలత కాస్త అటూఇటూ అవుతుంది. డయల్ గేజి దొరికితే అది వాడండి. పైకొసనుంచి చక్రాన్ని కావలసినదానికన్నా ఎక్కువగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ 0.8 దగ్గర ఆపండి. అప్పుడే గేర్ల పళ్ల మధ్య లూజు లెక్కలోంచి పోతుంది. 12 వోల్టుల బల్బు ఒక వైరును కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చే వైరుకు, రెండోదాన్ని ఇంజిన్‌కు తగిలించి తాళం ఆన్ చేయండి. ఆ గుర్తు దగ్గర బల్బు అప్పుడే వెలగాలి. వెలగకపోయినా, ముందే వెలిగినా పాయింట్ల ప్లేటు స్క్రూలు వదులు చేసి తిప్పి సరిచేయండి.

కిక్ ఎదురుతంతోంది, ఎత్తు ఎక్కుతుంటే లోపల గలగలమంటోంది

టైమింగ్ ముందుకు జరిగి ఉండాలి, లేదా అడ్వాన్స్ యూనిట్ బరువులు తుప్పుపట్టి తెరుచుకున్న చోటే ఇరుక్కుని ఉండాలి. రీస్టోరేషన్ పేరుతో నెలల తరబడి షెడ్డులో పడి ఉన్న బండ్లలో రెండోదే ఎక్కువ. పాయింట్ల ప్లేటు తీసి బరువులను వేలితో విప్పి వదలండి. స్ప్రింగు వెంటనే మూసేయాలి. మందకొడిగా వస్తే కిరోసిన్‌తో కడిగి, పిన్నుల దగ్గర ఒక్కో చుక్క సన్న ఆయిల్ వేయండి. స్ప్రింగు సాగిపోతే మార్చడమే. ఎదురుతన్నే బండిని "అలవాటైపోయింది" అని నడపొద్దు. కాలి మడమ ఎముక విరిగేంత బలం అందులో ఉంటుంది.

సైలెన్సర్ మార్చాక టపటపా పేలుతోంది, పికప్ పోయింది

గోల్డ్ స్టార్ తరహా సైలెన్సరో, షార్ట్ బాటిలో, దానికి తోడు కోన్ ఫిల్టరో పెట్టినప్పుడు గాలి ఎక్కువగా ఆడుతుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కలోనే వస్తుంది. మిశ్రమం పలచబడుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ దాన్ని ఇంకాస్త పలచన చేస్తుంది. ప్లగ్ తీసి చూడండి: పింగాణీ తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన, ఇటుక పొడి రంగులో ఉంటే సరి.

ముందు సైలెన్సర్ బెండు హెడ్‌లోకి దిగే చోట లీకు ఉందేమో చూడాలి. ఆక్సిలేటర్ వదిలినప్పుడు మాత్రమే పేలితే చాలాసార్లు కారణం ఈ లీకే. అక్కడ బిగింపు సరిచేశాక:

- మెయిన్ జెట్ మీద ముద్రించిన నంబరు చూసి, 5 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఈ బండికి మామూలుగా 90 ఉంటుంది. సైలెన్సర్ ఒక్కటే మారితే 95, ఫిల్టరు కూడా మారితే 100 నుంచి మొదలుపెట్టండి.
- సగం ఆక్సిలేటర్‌లో ఎగిరెగిరి పడుతుంటే సూది క్లిప్పును ఒక గాడి కిందకు దించండి. సూది పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది.
- ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు విప్పండి. ఇంజిన్ వేడెక్కాక అటూఇటూ పావు చుట్టు తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ నిలకడగా ఉందో అక్కడ ఆపండి.

మూడూ ఒకేసారి మార్చొద్దు. ఒకటి మార్చి, 5 కి.మీ. నడిపి, ప్లగ్ చూసి, అప్పుడు రెండోది. కోన్ ఫిల్టరు ఈ ఇంజిన్‌కు మేలు చేయదని మా గట్టి అభిప్రాయం. వానలో తడుస్తుంది, దుమ్ము ఆపదు, దాంతో బోరు త్వరగా అరుగుతుంది.

వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది

ఆగిన క్షణంలోనే పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. "సుయ్‌"మని గాలి లోపలికి లాగిందా? మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. కొత్త క్రోమ్ మూత పెట్టినా, పెయింటర్ రంధ్రం మీదుగా రంగు కొట్టినా ఇదే జరుగుతుంది. సన్న తీగతో పొడిస్తే పని అయిపోతుంది.

గాలి లాగకపోతే స్పార్క్ చూడండి. ప్లగ్ తీసి హెడ్‌కు ఆనించి కిక్ కొడితే నీలం నిప్పురవ్వ రావాలి. పసుపుగా, బలహీనంగా ఉండి, అదే సమయంలో పాయింట్ల మధ్య పెద్ద మెరుపు కనిపిస్తే కండెన్సర్ పోయినట్టే. పాయింట్ల ముఖాలు గుంటలు పడి ఉంటాయి. కండెన్సర్, పాయింట్లు జతగా మార్చండి. అవి బాగుండి కూడా వేడిలో స్పార్క్ మాయమైతే కాయిల్.

రెండూ కాకపోతే ట్యాంకు లోపలి తుప్పు, లేదా లోపల పోసిన సీలర్ పొరలు ఊడి పెట్రోల్ కాక్ జాలీకి అడ్డుపడటం. కాక్ విప్పి జాలీ కడగండి. ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపు ఉబ్బి లోపలినుంచి రాలుతుంది, దాన్ని ఇథనాల్‌కు పనికొచ్చే పైపుతో మార్చండి. నెలకు మించి నిలిపే బండికి ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

హారన్ కొడితే లైటు మసకబారుతుంది, ఇండికేటర్లు పిచ్చిగా కొట్టుకుంటాయి

ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయించిన బండ్లలో ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఆ పూత కరెంటును పోనివ్వదు. ఎర్త్ బోల్టు చూడటానికి గట్టిగా బిగించినట్టే ఉంటుంది, దాని వాషరు కింద మాత్రం నల్లటి పూత నిగనిగలాడుతూ ఉంటుంది. బోల్టు విప్పి, రూపాయి బిళ్లంత మేర పూతను గీకి మెరిసే ఇనుము కనబడేలా చేసి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కు నేరుగా 2.5 చదరపు మి.మీ. వైరు ఒకటి వేస్తే ఈ బెడద మళ్లీ రాదు.

ఇండికేటర్లు వేగంగా కొట్టుకోవడం మాత్రం వేరే సంగతి. ఎల్ఈడీలు తక్కువ కరెంటు తీసుకోవడంతో పాత ఫ్లాషర్ తికమక పడుతుంది. ఎల్ఈడీ ఫ్లాషర్ వేయాలి.

బండి మొత్తం ఒక్కసారిగా చచ్చిపోతే ఫ్యూజు తర్వాత అమ్మీటరు వెనక నట్లు చూడండి. బ్యాటరీ కరెంటంతా దానిలోంచే పోతుంది, ఒక్క నట్టు వదులైతే చాలు. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. రెండు ఫాగ్ లైట్లు పెట్టాక అమ్మీటరు ముల్లు ఎప్పుడూ మైనస్ వైపే ఉంటే ఆల్టర్నేటర్ మోయలేకపోతోందని అర్థం. లైట్లు తగ్గించండి.

హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ వేగం పెరుగుతోంది

పొడవైన హ్యాండిల్‌కి పాత ఆక్సిలేటర్ కేబులే వాడారు. తిప్పినప్పుడు అది లాగబడుతుంది. యూ టర్నులో ఇది మనిషిని పడేస్తుంది. పొడవైన కేబుల్ వేసి, ట్యాంకు కింద మడతలు లేకుండా నడిపించి, గ్రిప్పు దగ్గర 2 మి.మీ. లూజు ఉంచండి. క్లచ్ లివర్ దగ్గర 2 నుంచి 3 మి.మీ.

పొగ, ఆయిల్ కారడం

చాలా రోజులు నిలిపిన బండి స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ కమ్మేసి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) నుంచి ఆయిల్ కక్కితే రింగులు పోయాయని కంగారుపడొద్దు. ఆయిల్ ట్యాంకులోంచి క్రాంక్‌కేసులోకి దిగిపోయింది. కింద డ్రెయిన్ బోల్టు విప్పి ఆ ఆయిల్ తీసేసి, బోల్టు మళ్లీ బిగించి స్టార్ట్ చేయండి. కొద్ది నిమిషాలు నడిపాకే డిప్‌స్టిక్ చూడాలి. ముందే చూసి తక్కువైందని పోస్తే తర్వాత పొంగుతుంది. రెండు రోజులకే ఇలా దిగిపోతుంటే ఫీడ్ పంపు డిస్కు ముఖం అరిగింది. అద్దం మీద సన్న గ్రైండింగ్ పేస్టుతో రుద్ది చదును చేయించాలి.

ఇంజిన్ విప్పి బిగించిన ప్రతిసారీ, రోడ్డెక్కే ముందు హెడ్‌కు వెళ్లే సన్న ఆయిల్ పైపు బాంజో బోల్టు (ఆయిల్ పోయేలా మధ్యలో రంధ్రం ఉన్న బోల్టు) కొద్దిగా వదులు చేసి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ఊరుతోందో లేదో చూడండి. ఊరకపోతే వెంటనే ఆపేయండి.

గ్రూప్ రైడ్‌లో మాత్రమే ఇబ్బంది

ఒంటరిగా బాగా నడిచే బండి గుంపులో ఎందుకు మొండికేస్తుంది? వేగం మీ చేతిలో ఉండదు కాబట్టి. ఈ ఇంజిన్‌కు హాయైన వేగం గంటకు 60, 65. కొత్త బండ్ల వెంట 85లో గంటసేపు పోతే ఐరన్ బోరు వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. శక్తి తగ్గుతూ, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అనిపించగానే క్లచ్ నొక్కి పక్కకు తీయండి. నీళ్లు పోయొద్దు, బోరు పగులుతుంది. కొత్తగా బోరు కొట్టించిన బండిని మొదటి 500 కి.మీ. దాకా 50 దాటించొద్దు, గ్రూప్ రైడ్‌కి అసలే తీసుకెళ్లొద్దు.

గుంపు చెల్లాచెదురవడానికి కూడా కారణం వేగమే. అన్నిటికన్నా నెమ్మదైన బండిని లీడర్ వెనకే పెట్టండి, చివర్లో కాదు. ఆఖరి బండి మీద పనిముట్లు, పని తెలిసిన మనిషి ఉండాలి. చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టి బంకు దగ్గర ఆపండి, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లవాళ్లకు టూటీ ఆయిల్ పోసుకునే సమయం ఇవ్వండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోతే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. ఒక్క పంక్చరుతో తిరుగు ప్రయాణం అక్కడ ఆగిపోవచ్చు. అరకు ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

సంచిలో ఉండాల్సినవి: పాయింట్ల సెట్టు, కండెన్సర్, ప్లగ్, క్లచ్, ఆక్సిలేటర్ కేబుళ్లు, చైను లాక్, ఫ్యూజులు, ట్యూబు, ఫీలర్ గేజి (గ్యాపు కొలిచే సన్న రేకులు). ఒకరి బండి ఇంకొకరు నడపాలనుకుంటే ముందు గేరు, బ్రేకు ఎటువైపు ఉన్నాయో చెప్పుకోండి. ఎడమకాలి గేరుకు అలవాటైనవాళ్లు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతారు.

పోలీసు ఆపాడు, ఆర్‌సీకీ బండికీ పొంతన లేదు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రంగు మారిస్తే ఆర్‌టీఓలో ఆర్‌సీ మీద ఎక్కించుకోండి. కంపెనీ సైలెన్సర్‌ను అమ్మేయకండి. ఇంకో సంగతి: 2021 నిబంధనల్లో వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండటంతో పాటు బండి అసలు రూపంలో ఉండాలి. అంతటి పాత బండి చేతికొస్తే కోతలు, వెల్డింగులు పెట్టించకముందు ఆలోచించండి. ఊడదీసి మళ్లీ బిగించగలిగే మార్పులైతే ఫరవాలేదు.

తోటి యజమాని ఇచ్చిన పార్టు సరిపోవట్లేదు

బోల్టు రెండు చుట్లు తేలిగ్గా తిరిగి బిగుసుకుపోయిందా? అక్కడే ఆపండి. పాత బుల్లెట్లలో బ్రిటిష్ మరలు, తర్వాతి వాటిలో చాలాచోట్ల మెట్రిక్ మరలు. బలవంతంగా తిప్పితే క్రాంక్‌కేసు మర కొట్టుకుపోతుంది, దాన్ని డ్రిల్ చేయించి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించాల్సి వస్తుంది. పార్టు తీసుకునేటప్పుడే ఇచ్చినవాళ్ల బండి ఏ సంవత్సరానిదో అడగండి, మీ పాత బోల్టును పక్కన పెట్టి మరలు కలిపి చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో కొనేటప్పుడైనా అంతే, నమూనా జేబులో లేకుండా వెళ్లొద్దు.