సఫారీ ముందు, వైన్ తర్వాత: దక్షిణాఫ్రికా విలాస యాత్రను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

దక్షిణాఫ్రికా వెళ్దామనుకోగానే చాలామంది హోటళ్ళ ఫొటోలతో మొదలుపెడతారు. గది ముందున్న ఈతకొలనులో ఏనుగు తొండం పెట్టి నీళ్ళు తాగుతున్న ఫొటో ఒకటి నచ్చుతుంది. ఇక మిగతా యాత్రంతా దాని చుట్టూ అల్లుకుంటారు. లాడ్జి (అడవిలోని విలాస బస) గొప్పదే అయినా, వెళ్ళిన నెల తప్పయితే అంత డబ్బూ గడ్డి చూసి రావడానికే సరిపోతుంది. కాబట్టి ముందు నెల, తర్వాత వరుస, ఆ తర్వాతే లాడ్జి.

మొదటి అడుగు: నెల తేల్చుకోండి

భూమధ్యరేఖకు దిగువన ఉన్న దేశం కనుక జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, డిసెంబరు, జనవరి నెలల్లో నడి వేసవి. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఒకే దేశంలో రెండు ప్రాంతాలకు వానాకాలాలు వేర్వేరని మాత్రం చాలామంది గమనించరు.

ఈశాన్యాన ఉన్న క్రూగర్ అడవుల్లో వానలు వేసవిలో పడతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా దాదాపు పొడిగా ఉంటుంది. గడ్డి ఎండి నేలకు ఒరుగుతుంది, పొదలు ఆకు రాలుస్తాయి, వాగులు ఎండేకొద్దీ జంతువులు మిగిలిన నీటి గుంటల దగ్గరకు చేరతాయి. సఫారీకి అదే అదను. నైరుతి మూలన ఉన్న కేప్ టౌన్, ద్రాక్షతోటల సీమలో అంతా తిరగబడుతుంది. అక్కడిది మధ్యధరా వాతావరణం. సరిగ్గా జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే ముసురు పడుతుంది, తీగలు మోడులై నిలబడతాయి. తోటల్లో పంట కోత జనవరి చివర మొదలై మార్చి దాటేదాకా సాగుతుంది. అప్పుడేమో క్రూగర్‌లో గడ్డి నిలువెత్తున ఉంటుంది.

రెండూ ఒకే యాత్రలో కావాలంటే మధ్యస్థంగా రెండు అనువైన సమయాలు ఉన్నాయి. ఏప్రిల్ చివరి వారాల నుంచి మే నెలాఖరు వరకు ఒకటి: అడవి ఎండటం మొదలవుతుంది, ద్రాక్ష ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య వరకు రెండోది: అడవి పూర్తిగా ఎండి ఉంటుంది, కేప్‌లో వసంతం, కేప్ టౌన్‌కు ఆగ్నేయంగా ఉన్న హెర్మానస్ తీరాన ఒడ్డుమీద నుంచే తిమింగలాలను చూడవచ్చు. మొదటిది మన వేసవి సెలవులకు, రెండోది దసరా సెలవులకు దాదాపు సరిపోతాయి. పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఇంతకంటే ఏం కావాలి? నన్నడిగితే రెండోదే మేలు. డిసెంబరు రెండో సగం మాత్రం వద్దు. అది ఆ దేశస్థుల సొంత సెలవుల కాలం. కేప్‌లో ధరలు పైకి పోతాయి, మంచి భోజనశాలల్లో బల్ల దొరకదు.

రెండో అడుగు: వరుస, రాత్రుల లెక్క

పది రాత్రులు చాలు. అడవిలో నాలుగు, ద్రాక్షతోటల్లో మూడు, కేప్ టౌన్‌లో మూడు. అడవిలో మూడు రాత్రులకు తగ్గించకండి. ఒక్కో రాత్రికి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున రెండు గేమ్ డ్రైవ్‌లు (వాహనంలో జంతువులను వెతుక్కుంటూ తిరిగే షికార్లు) వస్తాయి. రెండు రాత్రులకే వెళ్తే నాలుగు డ్రైవ్‌లు. అందులో ఒకటి వానకు, ఒకటి ప్రయాణపు అలసటకు పోతే ఏం మిగులుతుంది? నాలుగు రాత్రులను రెండు లాడ్జిలకు పంచడం కూడా నాకు నచ్చదు. మారే రోజంతా సామాను సర్దుకోవడంతోనే గడుస్తుంది. ఒకేచోట ఉంటే మీ గైడుకు మీ ఇష్టాలు తెలుస్తాయి. నిన్న చూసిన చిరుతపులి పిల్లల్ని ఇవాళ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళవచ్చు.

వరుస విషయంలో చాలా ట్రావెల్ ఏజెన్సీలు కేప్ టౌన్‌తో మొదలుపెట్టి అడవితో ముగిస్తాయి. అది యూరప్ ప్రయాణికులకు అలవాటైన పద్ధతి. మనకు తిరగేయడమే లాభం. దక్షిణాఫ్రికా సమయం మనకంటే మూడున్నర గంటలు వెనుక. లాడ్జిలో తెల్లవారుజామున 5 గంటలకు తలుపు తట్టి లేపుతారు. అప్పుడు మన శరీరం లెక్కలో ఉదయం 8:30. కొత్తగా దిగినవారికి ఆ మేలుకొలుపు భారమనిపించదు. అదే వారం రోజులు తోటల్లో రాత్రి పొద్దుపోయేదాకా భోంచేసి ఆలస్యంగా లేవడం అలవాటయ్యాక అడవికి వెళితే ఆ 5 గంటలు శిక్షే. రెండో కారణం మరీ మోటుగా ఉంటుంది: వైన్ సీసాలు కొన్నాక వాటిని చిన్న విమానాల్లో అడవికి మోసుకెళ్ళలేం. తోటలు చివర పెట్టుకుంటే నేరుగా ఇంటికే.

దారి ఇలా: జోహానెస్‌బర్గ్‌లో దిగి, గంట విమానంలో స్కుకూజా లేదా హూట్‌స్ప్రూట్. అక్కడి నుంచి లాడ్జి వాహనం వస్తుంది. ఆ రెండు విమానాశ్రయాల నుంచీ కేప్ టౌన్‌కు నేరుగా విమానాలున్నాయి. మళ్ళీ జోహానెస్‌బర్గ్ రానక్కరలేదు.

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టానూ, విక్టోరియా జలపాతాన్నీ కలుపుకుందామనే ఆశ పుడుతుంది. మొదటి యాత్రకు వద్దంటాను. మరో అయిదారు రోజులు, మరో వీసా, మరింత ఖర్చు. ఒకవాంగో మాత్రం వింత. అంగోలా ఎగువన కురిసిన వాన నెలల తరబడి నడిచి, ఇక్కడ చుక్క పడని జూన్ నుంచి ఆగస్టు మధ్య డెల్టాను నింపుతుంది. దానికి విడిగా ఒక ప్రయాణం కేటాయించడమే మర్యాద.

మూడో అడుగు: లాడ్జి ఎంపిక

క్రూగర్ జాతీయ ఉద్యానం 1926లో ఏర్పడింది, దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. అందులో మనమే కారు నడుపుకుంటూ తిరగవచ్చు, చౌక కూడా. కానీ రోడ్డు దిగడానికి వీల్లేదు, చీకటి పడేలోగా శిబిరం గేటు లోపల ఉండాలి. దాని పడమటి అంచునే సాబీ శాండ్, టింబావతి వంటి ప్రైవేటు అభయారణ్యాలున్నాయి. మధ్యలో కంచె లేదు, జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి. ఇక్కడ పైకప్పు లేని వాహనాలు జంతువు జాడ పట్టుకుని పొదల్లోకి కూడా వెళ్తాయి, రాత్రి దీపంతో తిప్పుతారు, ఒక జంతువు దగ్గర రెండు మూడు వాహనాలకు మించి ఆగనివ్వరు. మీరు కట్టే డబ్బు ముఖ్యంగా ఈ స్వేచ్ఛకూ, వాహనం ముందు చిన్న సీటుపై కూర్చుని మట్టిలో అడుగుజాడలు చదివే ట్రాకర్ నేర్పుకూ. పరుపు మెత్తదనానికి కాదు. చిరుతపులి చూడాలన్న కోరిక బలంగా ఉంటే సాబీ శాండ్‌కు సాటి తక్కువ.

ధరలు ఒక్కరికి, ఒక రాత్రికి, ఇద్దరు గది పంచుకునే లెక్కన చెబుతారు. ఇది గమనించక సగం బడ్జెట్టే వేసుకునేవారున్నారు. ఓ మోస్తరు మంచి లాడ్జి 10,000 రాండ్ల చుట్టుపక్కల మొదలై, పేరుమోసినవి 40,000 దాటిపోతాయి. రాండ్‌కు సుమారు 5 రూపాయలు వేసుకుని గుణించుకోండి. భోజనం, రెండు డ్రైవ్‌లు, మామూలు పానీయాలు అందులోనే. సంరక్షణ రుసుము, విమానాశ్రయం నుంచి తీసుకురావడం, గైడుకూ ట్రాకర్‌కూ ఇచ్చే టిప్పులు సాధారణంగా విడిగా ఉంటాయి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి: వాహనానికి ఎంతమందిని ఎక్కిస్తారు? ఆరుగురైతే హాయి, తొమ్మిదిమందైతే మధ్య సీటు మీదే కావచ్చు. పిల్లలకు కనీస వయసు ఎంత? చాలా లాడ్జిలు ఆరేళ్ళ లోపు పిల్లల్ని డ్రైవ్‌కు తీసుకెళ్ళవు. శాకాహారం వండుతారా? ఈ మాట బుకింగ్ నాడే రాతపూర్వకంగా చెప్పాలి. గుడ్డు తింటారో లేదో, ఉల్లి వెల్లుల్లి సంగతేమిటో కూడా విడమరచి రాయండి. కొన్ని లాడ్జిల్లో పది గదులకు మించి ఉండవు కనుక వంటవారు నిజంగానే మీకోసం వండుతారు. ముందు చెప్పకపోతే మాత్రం నాలుగు రోజులూ పాస్తానే గతి.

గదులు తక్కువ కనుక ఎనిమిది నుంచి పన్నెండు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

నాలుగో అడుగు: వీసా, టీకా, మాత్రలు

భారతీయులకు దక్షిణాఫ్రికా వీసా ముందే తీసుకోవాలి. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉంచుకోండి. పొరుగు దేశానికి వెళ్ళి తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీసా అడగండి. పిల్లలకు తల్లిదండ్రులిద్దరి పేర్లున్న జనన ధ్రువపత్రం దగ్గర ఉండాలి. ప్యాకేజీని మన దేశంలోని ఏజెన్సీ దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) కింద కొంత వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి రసీదు పారేయకండి.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా గొడవంతా మీ విమానం ఎటు నుంచి వెళ్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. దుబాయ్, దోహాల మీదుగా అయితే అక్కరలేదు. ఆడిస్ అబాబా, నైరోబీల మీదుగా చౌక టికెట్టు దొరికిందంటే మాత్రం జాగ్రత్త. అవి పచ్చజ్వరం ఉన్న దేశాల్లోని నగరాలు. అక్కడ పన్నెండు గంటలకు మించి ఆగినా, బయట అడుగుపెట్టినా దక్షిణాఫ్రికా టీకా పత్రం అడుగుతుంది. తిరుగు ప్రయాణంలో మన దేశపు అధికారులు ఇంకా కఠినం. పత్రం లేకపోతే క్వారంటైన్‌లో కూర్చోబెట్టవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

క్రూగర్ ప్రాంతంలో మలేరియా ఉంది. చలికాలంలో ముప్పు బాగా తగ్గుతుంది. మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, వచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి. ఏవి, ఎన్ని అన్నది వైద్యుడి మాట. చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే క్రూగర్ మానేసి బోట్స్వానా సరిహద్దున ఉన్న మడిక్వే అభయారణ్యం చూసుకోండి. అక్కడ మలేరియా లేదు, సింహం, ఏనుగు, ఖడ్గమృగం అన్నీ ఉన్నాయి.

అయిదో అడుగు: సంచి

లాడ్జి సొంత రన్‌వే మీద దిగే చిన్న విమానాల్లో చేతిసంచితో కలిపి 20 కిలోలు, కొన్నింట్లో అంతకంటే తక్కువే. అదీ చక్రాలు లేని మెత్తటి సంచి. గట్టి సూట్‌కేసు ఆ విమానం పొట్టలో పట్టదు. లాడ్జిల్లో రోజూ బట్టలు ఉతికిపెడతారు కనుక మూడు జతలు చాలు. ఖాకీ, బూడిద, లేత గోధుమ రంగులు మంచివి.

ఆఫ్రికా అనగానే ఎండకు సిద్ధపడతాం, చలిని మరచిపోతాం. మే నుంచి ఆగస్టు వరకు తెల్లవారుజామున తరచు పది డిగ్రీల లోపే ఉంటుంది. పైకప్పు లేని వాహనంలో ఆ గాలి ఎముకల దాకా వెళ్తుంది. మందపాటి జాకెట్టు, చెవులు మూసే టోపీ తప్పనిసరి. బైనాక్యులర్లు మనిషికొకటి ఉండాలి. పంచుకుంటే దంపతుల మధ్య తగువు ఖాయం. చార్జర్ల సంగతికి వస్తే, దక్షిణాఫ్రికా ప్లగ్గు మన ఇళ్ళలో గీజరుకూ ఏసీకీ వాడే పెద్ద మూడు పిన్నులదే. ఎడాప్టరు వీధి చివర కొట్లోనే దొరుకుతుంది.

ఆరో అడుగు: తోటల సీమలో రోజులు

డచ్చివారు కేప్‌లో 1652లో స్థావరం పెట్టారు. ఏడేళ్ళకు, 1659లో అక్కడ తొలి వైన్ తీశారు. స్టెల్లెన్‌బాష్ ఊరు 1679 నాటిది, కాన్‌స్టాంషియా తోట 1685 నాటిది. ఫ్రాన్స్‌లో మతహింసకు పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1688లో ఫ్రాంష్‌హూక్ లోయలో స్థిరపడ్డారు. ఆ తెల్లటి సున్నపు గోడల భవంతులు చూసి మురిసిపోయే ముందు, వాటిని కట్టి తోటలు దున్నింది బానిసలని గుర్తుంచుకోవాలి. వారిలో బెంగాల్, మలబారు, కోరమండల్ తీరాల నుంచి ఓడల్లో తెచ్చినవారూ ఉన్నారు. కేప్ టౌన్‌లోని స్లేవ్ లాడ్జ్ మ్యూజియంలో ఒక పూట గడిపి తోటలకు వెళ్తే చూపు మారుతుంది.

బస స్టెల్లెన్‌బాష్‌లోనా, ఫ్రాంష్‌హూక్‌లోనా? మొదటిది విశ్వవిద్యాలయం ఉన్న సందడి ఊరు, చుట్టూ తోటలు విస్తారం. రెండోది మూడువైపులా కొండలున్న చిన్న లోయ, భోజనశాలలకు పేరు. వాహనం లేకుండా తిరగాలనుకునేవారికి ఫ్రాంష్‌హూక్ నయం. అక్కడి వైన్ ట్రామ్ తోట తోటకూ ఆగుతుంది, దిగి, రుచి చూసి, తర్వాతిది ఎక్కవచ్చు. అక్కడా మనలాగే ఎడమవైపు ప్రయాణమే కనుక కారు నడపడం తేలిక. కానీ వైన్ రుచి చూసే రోజున స్టీరింగు ముట్టుకోకండి, డ్రైవరును పెట్టుకోండి.

రోజుకు మూడు తోటలు. నాలుగోదానికి నాలుక మొద్దుబారుతుంది. రుసుము కట్టి కూర్చుంటే నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా పోస్తారు. అన్నీ మింగక్కరలేదు, పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మేయడం మర్యాదే. తెలుపులో షెనిన్ బ్లాంక్‌తో మొదలుపెట్టండి. ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా సాగయ్యే ద్రాక్ష అదే. ఎరుపులో పినొటాజ్. 1925లో స్టెల్లెన్‌బాష్‌లో అబ్రహాం పెరోల్డ్ అనే ఆచార్యుడు పినో న్వార్ అనే ద్రాక్షను సాన్‌సో అనే మరో రకంతో సంకరం చేసి పుట్టించాడు. కొందరికి పొగవాసన అనిపిస్తుంది, కొందరు దానికోసమే వస్తారు. కానన్‌కాప్ తోటలో రుచి చూశాక తేల్చుకోండి. తీపి ఇష్టపడేవారు క్లైన్ కాన్‌స్టాంషియా తోటకు వెళ్ళాలి. సెయింట్ హెలీనా ద్వీపంలో బందీగా ఉన్న నెపోలియన్ తెప్పించుకున్నది కాన్‌స్టాంషియా తీపి వైనే.

వైన్ ముట్టనివారు బాబిలోన్‌స్టోరెన్ అనే ఎస్టేటుకు వెళ్ళండి. అక్కడి కూరగాయల తోటలో గంటలు తిరగవచ్చు, ఆ కూరలతోనే వండి పెడతారు. మధ్యాహ్న భోజనాలకు బల్లలు వారాల ముందే బుక్ చేసుకోవాలి.

కేప్ టౌన్‌లో ఒకే నియమం: ఆకాశం తేటగా ఉన్న మొదటి రోజే టేబుల్ మౌంటెన్ ఎక్కేయండి. గాలి లేచిందంటే కేబుల్ కారు ఆపేస్తారు, రేపటికి హామీ లేదు.

చివరి పని: సీసాలు

మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం పెద్దలు ఒక్కొక్కరు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, పైన ఒక అరలీటరు. తీపి కాన్‌స్టాంషియా అరలీటరు సీసాల్లోనే వస్తుంది కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతుంది. తోటలోనే అట్టపెట్టెలో గట్టిగా కట్టించి చెక్-ఇన్ సామానులో వేయండి. పన్ను ఇన్‌వాయిస్ అడిగి తీసుకోవడం మరవద్దు. దేశం బయటకు తీసుకెళ్ళే వస్తువులపై 15 శాతం వ్యాట్ విమానాశ్రయంలో తిరిగి ఇస్తారు. అయితే అధికారి సీసాలు చూపించమంటాడు, అందుకే సూట్‌కేసు అప్పగించకముందే వ్యాట్ కౌంటరుకు వెళ్ళాలి. అక్కడి వరుసకు ఓ గంట అదనంగా వేసుకోండి.