ఖైదు నుంచి బతికొచ్చిన సైనికుడి జ్ఞాపకాలు ఎలా చదవాలి

కిందటేడు ఆరు నెలలు అట్లాంటా దగ్గర మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాను. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని కాబట్టి మనవడు తన ప్రాజెక్టు నా దగ్గరికి తెచ్చాడు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో పట్టుబడి, జార్జియాలో దక్షిణాదివాళ్ళు నడిపిన ఆండర్సన్‌విల్ జైల్లో పడ్డ ఉత్తరాది సైనికుడి జ్ఞాపకాలు చదివి రాయాలి. ఇలాంటి పాత పుస్తకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఎలా చదవాలో మేమిద్దరం చదువుతూ చదువుతూ నేర్చుకున్నాం.

ముందుగా, ఎప్పుడు రాశాడో చూడండి. జైల్లో కూర్చుని రాసుకున్న డైరీ వేరు, ఇంటికొచ్చిన పదిహేనేళ్ళకు రాసిన పుస్తకం వేరు. చాలా పుస్తకాలు 1870, 80ల్లో వచ్చాయి. అప్పటికి మాజీ ఖైదీలు పెన్షన్ కోసం తిరుగుతున్నారు. తన ఒళ్ళు గుల్లయింది ఆ జైల్లోనే అని నిరూపించుకోవాల్సిన మనిషి ఎలా రాస్తాడో, అలాగే రాశారు. అందులో తప్పులేదు, చదివేటప్పుడు అది గుర్తుంటే చాలు.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద తేదీలు రాసి ఎదురుగా గోడకు అంటించండి. మేం రాసుకున్నవి ఇవి. 1864 ఫిబ్రవరి చివర్లో మొదటి ఖైదీలు వచ్చారు. మార్చి చివర్లో హెన్రీ విర్జ్ జైలు బాధ్యత తీసుకున్నాడు. ఏప్రిల్ 20న నార్త్ కరొలైనాలో ప్లిమత్ పట్టణం దక్షిణాది సైన్యానికి లొంగిపోయింది. అక్కడ పట్టుబడ్డవాళ్ళు కొత్త బట్టలతో, జేబుల్లో జీతం డబ్బులతో వచ్చారు, దొంగల కళ్ళన్నీ వాళ్ళ మీదే. జూన్ చివర్లో పదహారున్నర ఎకరాల ఆవరణను ఇరవై ఆరున్నరకు పెంచారు. జూలై 11న తోటి ఖైదీలను దోచుకుంటున్న ముఠాలో ఆరుగురిని, ఖైదీలే విచారించి ఉరితీశారు. ఆగస్టులో కుండపోత వానల తర్వాత గోడవారగా మంచినీళ్ళ ఊట పుట్టింది. సెప్టెంబర్ 2న అట్లాంటా ఉత్తరాది సైన్యం చేతికి చిక్కింది, ఆ వెంటనే చాలామందిని వేరే జైళ్ళకు తరలించారు.

మేం చదివినాయన ఆ ఊట నీళ్ళు జూన్‌లోనే తాగానని రాశాడు. "అమ్మమ్మా, అబద్ధం చెప్తున్నాడు" అన్నాడు మావాడు. నాకు మా నాయన గుర్తొచ్చాడు. తెలంగాణ పోరాటంలో పట్టుబడి 1949లో వరంగల్ జైల్లో ఉన్నాడు. లాఠీలతో కొట్టిన రోజు గురించి ఒకసారి ఎండలు మండుతున్నాయనేవాడు, ఇంకోసారి ముసురు పట్టిందనేవాడు. ఏ తడవ చెప్పినా ఎడమ మోచెయ్యి మాత్రం పట్టుకునే చెప్పేవాడు. కాబట్టి తేదీ తప్పిన చోట కొట్టివేత గీత పెట్టకండి. పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టి, దాహం గురించి ఏం రాశాడో మళ్ళీ చదవండి.

రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. తాను చూసింది నీలం, విన్నది ఎరుపు. యుద్ధం పేజీల్లో ఇది చాలా పనికొస్తుంది. తుపాకిమందు పొగలో పక్కవాడే సరిగా కనిపించడు, ఇక శత్రువులు ఎన్ని వేలో అతనికెలా తెలుస్తుంది? అది ఎరుపు. కాగితం తూటాను పళ్ళతో చింపడం, మందు పెదాలకంటి నల్లబడటం, గొట్టం వేడెక్కి చెయ్యి కాలడం, ఇవన్నీ నీలం.

పట్టుబడ్డ క్షణం దగ్గర మాత్రం ఆగండి. చాలామంది దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు. అక్కడ ఏం లాక్కున్నారు, ఏం మిగిలింది అన్నది వెతికి జాబితా రాయండి. లోపల గుడిసెల్లేవు, నీడ లేదు. దుప్పటి మిగిలినవాడు దాన్ని కర్రల మీద కప్పుకుని ఎండ తప్పించుకున్నాడు. రేకు నీళ్ళసీసా ఉన్నవాడు దాని అతుకు ఊడదీసి రెండు చిప్పలు చేసుకున్నాడు. అదే కంచం, అదే పెనం, గొయ్యి తవ్వడానికి పార కూడా అదే. ఆ చిప్పలో వేయించుకున్నది కండెతో సహా ఆడించిన మొక్కజొన్న పిండి. అది పేగుల్ని కోసేది. కూరాకు లేక స్కర్వీ వచ్చి చిగుళ్ళు వాచి పళ్ళు ఊడేవి. గోడకు కాస్త ఇవతల కర్రల కంచె ఒకటి ఉండేది. దాన్ని దాటితే కాల్పులే. ఇవన్నీ ఒక బొమ్మగా గీసుకుంటే పుస్తకం సగం అర్థమైనట్టే.

అంకెలు విడిగా సరిచూసుకోండి. పదివేల మందికని కట్టిన చోట ఆగస్టులో దాదాపు 33,000 మంది ఉన్నారు. మొత్తం వచ్చినవాళ్ళు 45,000 దాకా, చనిపోయినవాళ్ళు 13,000కు దగ్గర.

కోపమంతా విర్జ్ మీదే ఉండే పుస్తకాలు చాలా ఉన్నాయి. 1865 నవంబర్‌లో అతన్ని ఉరితీశారు. కానీ ఇంతమంది ఎందుకు పోగయ్యారో కూడా అడగండి. పట్టుబడ్డ నల్లజాతి సైనికులను మిగతావాళ్ళతో సమానంగా చూడటానికి దక్షిణాది ఒప్పుకోలేదు, దాంతో 1863లో ఖైదీల మార్పిడి ఆగింది. ఉత్తరాదివాళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలో నడిపిన ఎల్మైరా జైల్లో దక్షిణాది ఖైదీలు రాసినవి కూడా కొన్ని పేజీలైనా చదవండి. అక్కడ కూడా దాదాపు మూడువేల మంది పోయారు.

చివరిగా, చనిపోయిన స్నేహితుల పేర్లు పుస్తకంలో ఉంటే రాసిపెట్టుకోండి. డోరెన్స్ అట్వాటర్ అనే ఖైదీ చేత అధికారులు చనిపోయినవాళ్ళ పట్టిక రాయించారు. అతను రహస్యంగా ఇంకో కాపీ రాసి దాచి బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు సేవ చేసిన క్లారా బార్టన్‌తో కలిసి వెళ్ళి సమాధులకు పేర్లు పెట్టించింది దానితోనే. మేం కూడా అక్కడికి వెళ్ళాం. శవాలను కందకంలో పక్కపక్కనే పెట్టి పూడ్చారు కాబట్టి రాళ్ళు ఒకదానికొకటి దాదాపు ఆనుకుని ఉన్నాయి. ఆ పుస్తకంలో జ్వరంతో పోయిన కుర్రాడి పేరు కోసం గంటకు పైగా తిరిగాం. దొరికింది. మావాడు రాతి ముందు కూర్చుని, దాని మీదున్న నంబరును ఆ పేజీ అంచున నీలం పెన్సిల్‌తో రాసుకున్నాడు.