వడ్డన నేర్చుకుందాం – 6: బిల్లు దగ్గర మర్యాద

పోయిన పాఠంలో పెరుగన్నం దాకా వచ్చాం. ఇక బిల్లు. బెంగళూరు దర్శినుల్లో (నిలబడి తినే సెల్ఫ్ సర్వీస్ హోటళ్లలో) ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటారు కాబట్టి అక్కడ పేచీ తక్కువ. కూర్చోబెట్టి వడ్డించే ఆంధ్రా భోజన హోటళ్లలో కొత్త సప్లయర్లు తడబడేది ఇక్కడే.

విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని వచ్చాకే బిల్లు మాట ఎత్తాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మారతహళ్లిలో కుర్చీల వెనకే జనం కాచుకుని ఉంటారు, నిజమే. అయినా పెరుగు కలుపుకుంటున్న మనిషి ముందు బిల్లు పెడితే లేచి వెళ్లమన్నట్టే. "ఇంకేమైనా కావాలా సార్?" అని అడగండి. కన్నడ వాళ్లయితే "ఇన్నేనాదరూ బేకా సార్?" వద్దంటేనే "బిల్ తర్లా?"

కౌంటర్ నుంచి తెచ్చే దారిలోనే బిల్లు చదవండి. వెనక్కి పంపిన ఐటమ్‌కి కేఓటీ (వంటింటికి వెళ్లే ఆర్డర్ చీటీ) రద్దు చేయించకపోతే అది బిల్లులోకి ఎక్కుతుంది. గొడవల్లో ఎక్కువ భాగం దీనివల్లే.

లెక్క మీకూ రావాలి. రెండు భోజనాలు 250 చొప్పున, ఒక చిల్లీ చికెన్ 320: మొత్తం 820. మామూలు రెస్టారెంట్‌కి జీఎస్టీ 5 శాతం, అంటే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 20.50, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 20.50. కట్టాల్సింది 861. సర్వీస్ ఛార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. అతిథి తీసేయమంటే వాదించకుండా క్యాప్టెన్‌కి (సప్లయర్ల పెద్దకి) చెప్పి మార్పించండి. మొహం మాడ్చుకోవద్దు.

"నేనిస్తా, నేనిస్తా" అని ఇద్దరు లాక్కుంటుంటే ఎవరి చేతిలోంచీ తీసుకోకండి. ఫోల్డర్ బల్ల మధ్యలో పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. ఆడా మగా కలిసి వచ్చినా అంతే, మగాయన వైపు తోసెయ్యడం తప్పు.

ఇప్పుడు చిల్లర. వెయ్యి ఇస్తే 139 రావాలి. ఒక వంద, మూడు పదులు, ఒక అయిదు, రెండు రెండ్లు. అన్నీ ఫోల్డర్‌లో సోంపు పక్కన పెట్టి వెంటనే కదలండి. అక్కడే నిలబడి చూస్తే టిప్పు అడిగినట్టే. "చిల్లర లేదు సార్" అని తొమ్మిది రూపాయలు ఉంచేసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. టిప్పు అతిథి ఇష్టం, చిల్లర అతిథి హక్కు. తినేవాళ్లకూ ఒక మాట: ఫోన్‌తో కట్టి సప్లయర్‌కి టిప్పు ఇవ్వాలనుకుంటే బిల్లులో కలపకండి, నోటు చేతికివ్వండి.

కార్డయితే మెషీన్‌నే బల్ల దగ్గరికి తెచ్చి, పిన్ నొక్కేటప్పుడు అటు తిరగండి. యూపీఐలో స్క్రీన్‌షాట్ చూసి సరేననకండి, సౌండ్‌బాక్స్ పలకాలి. డబ్బు కట్ అయి మనకి రాకపోతే అతిథి ఫోన్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) రాసుకుని క్యాషియర్‌కి చూపించండి. పక్క బల్లలకు వినపడేలా "డబ్బులు రాలేదు" అని అరవకండి. అలా ఆగిన సొమ్ము ఖాతాకి తిరిగి రావడానికి బ్యాంకుకున్న గడువు 5 రోజులని అతిథికి నెమ్మదిగా చెప్పండి.

అభ్యాసం: మూడు భోజనాలు 250 చొప్పున, ఒక చేపల వేపుడు 330. అతిథి 1,500 ఇచ్చారు. చిల్లర ఎంత, ఏ నోట్లుగా ఇస్తారు? జవాబు వచ్చే పాఠంలో, అయిదుగురు బిల్లు విడగొట్టమన్నప్పుడు చేసే లెక్కతో పాటు.