రెట్రో స్లాట్ కార్ బాడీని పరీక్షించి ఓకే చెప్పడం ఎలా

స్లాట్ కారంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే చిన్న నమూనా కారు. దాని కింది చట్రం చాసిస్, పైన తొడిగే పల్చని ప్లాస్టిక్ తొడుగు బాడీ. రేసుల్లో వాడటానికి ఆమోదం కోసం వచ్చిన కొత్త బాడీ చేతికి రాగానే చాసిస్‌కి తగిలించి నాలుగు ల్యాపులు తిప్పి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. బాడీలు పరీక్షించే పని చూసేవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పని ఆఖరికి పెట్టుకోండి. ఒకసారి ల్యాప్ టైమ్ చూశాక కళ్లు మన మాట వినవు. వేగంగా తిరిగిన బాడీలో తప్పులు వెతకబుద్ధి కాదు. నెమ్మదిగా తిరిగినదానికి లేని తప్పులు అంటగడతాం. ముందు ఆకారం, తర్వాత కొలతలు, బరువు, చివర్లో ట్రాక్. ఈ వరస నేను ఎవరి కోసమూ మార్చను.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెట్రో రేసింగ్‌కి ప్రాణమే ఆకారం. 1970లు గడిచేకొద్దీ పోటీల్లో వాడే 1/24 (అసలు కారులో 24వ వంతు) బాడీలు గాలిని పట్టి కారును కిందికి నొక్కే వెడల్పాటి వాలు పలకల్లా మారిపోయాయి. వాటిలో అసలు కారు పోలికలు వెతికినా దొరకవు. పాతకాలపు కాన్‌-యామ్ (అమెరికా, కెనడాల్లో జరిగిన స్పోర్ట్స్ కార్ల రేసులు), ఫార్ములా 1 కార్ల రూపం, ఇత్తడి, ఉక్కు తీగలతో చేత్తో అతికిన చాసిస్ మళ్లీ కావాలనుకున్నవాళ్లు రెట్రోకి వచ్చారు. మనం ఒక్క బాడీని చూసీచూడనట్టు వదిలేస్తే వచ్చే సీజన్‌కి అందరూ అదే కొంటారు. ఇష్టంగా పెయింట్ వేసుకున్న మిగతా కార్లన్నీ అటకెక్కుతాయి.

తయారుచేసినవాళ్లను కనీసం మూడు షెల్స్ (అచ్చులోంచి తీసిన బాడీలు) అడగండి, అవీ అమ్మకానికి పెట్టే ప్యాకెట్లలోంచే. ఏరికోరి ఇచ్చిన ఒక్క పీసును పరీక్షకు తీసుకోవద్దు. ఒకదాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచండి, రెండోదాన్ని కత్తిరించి కొలవండి, మూడోదానికి పెయింట్ వేసి ట్రాక్ మీద తిప్పండి.

ఆకారం చూసేటప్పుడు కారు పేరొక్కటే తెలిస్తే చాలదు, ఏ ఏడాది కారో తెలియాలి. ఉదాహరణకు మెక్‌లారెన్ ఎం8 తీసుకుందాం. 1969 నాటి ఎం8బికి వెనక ఎత్తైన స్తంభాల మీద రెక్క ఉండేది. మరుసటి ఏడాదికి అలాంటి రెక్కల్ని నిషేధించారు. దాంతో 1970 ఎం8డికి వెనక రెండు పక్కలా నిలువు ఫిన్‌లు లేపి, వాటి మధ్య రెక్కను కిందికి దించారు. ఒక ఏడాది ముక్కుకి ఇంకో ఏడాది తోక తగిలించిన షెల్ వస్తే, పేరు పక్కన ఏ అక్షరం రాసినా అది ఏ కారూ కాదు. ఇలాంటిదాన్ని నేను ట్రాక్ దాకా రానివ్వను, అక్కడే వెనక్కి పంపుతాను. పోల్చడానికి దూరం నుంచి తీసిన పక్క ఫొటోలు వాడండి. దగ్గర్నుంచి, నేలకు ఆనించి తీసిన ఫొటోలో ముక్కు ఉన్నదానికంటే పెద్దగా, తోక చిన్నగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి గొడవపడితే మనదే తప్పవుతుంది.

తర్వాత వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం. అసలు కారు కొలతను 24తో భాగించండి. మొదటి పోర్షే 917 వీల్‌బేస్ 2300 మిల్లీమీటర్లు, అంటే మన స్కేలులో దాదాపు 95.8. కాన్‌-యామ్‌కి వచ్చిన 917/30 వీల్‌బేస్ 2500, అంటే 104 పైచిలుకు. రెండూ 917లే అయినా తేడా 8 మిల్లీమీటర్లు దాటింది. షెల్ మీద ముందు చక్రం ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు) మధ్య నుంచి వెనక ఆర్చ్ మధ్యకు వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఒకట్రెండు మిల్లీమీటర్ల తేడాకు నేను అభ్యంతరం చెప్పను, చాసిస్ కట్టేవాళ్లకీ కాస్త వెసులుబాటు ఉండాలి. అంతకు మించితే మాత్రం కారణం అడుగుతాను.

ఎక్కువ సమయం పట్టేది పక్కల దగ్గర. అసలు మోసం జరిగేదీ అక్కడే. కత్తిరించిన షెల్‌ని చదునైన గాజు పలక మీద పెట్టి, చక్రాల మధ్య భాగానికి చిన్న మూలమట్టం ఆనించి, వెనక నుంచి టార్చ్ వేయండి. 1960ల కార్లకు పక్కలు కింది వైపు లోపలికి వంపు తిరుగుతాయి కాబట్టి మూలమట్టానికీ షెల్‌కీ మధ్య, కింది భాగంలో, వెలుతురు సన్నని చంద్రవంకలా కనిపించాలి. వెలుతురు అసలు రాకపోతే ఆ పక్కను నిట్టనిలువు గోడలా చేశారన్నమాట. కారు మలుపులో అడ్డంగా జారేటప్పుడు ఆ గోడ గాలిని ఆపి కారును నిలబెడుతుంది. అసలు కారుకి లేని ఆ సాయం ఈ షెల్‌కి ఇవ్వడం న్యాయం కాదు. వెనక అంచు ఎత్తు, ముక్కు కింద గాలిని అడ్డుకునే పెదవి కూడా ఇదే దృష్టితో చూడండి.

షెల్ ఎంత బాగున్నా దాన్ని ఎక్కడ కత్తిరించాలో స్పష్టంగా తెలియకపోతే పరీక్షంతా వృథా. అచ్చులోనే కత్తిరింపు గీత పడాలి. అది లేకపోతే ఒకరు పక్కల్ని కిందిదాకా ఉంచుతారు, ఇంకొకరు పైకి కోస్తారు, రేసు రోజు తనిఖీ టేబుల్ దగ్గర రచ్చ అవుతుంది. గీత లేని షెల్‌ని గీత వేయించుకుని రమ్మని తిప్పి పంపుతాను. డ్రైవర్ బొమ్మ కూర్చోవడానికి చోటుందా, అద్దాల అంచులు తెలుస్తున్నాయా, నంబర్లు వేయడానికి స్థలముందా అన్నవి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక మందం. బాడీ చేసే లెక్సాన్ (పాలీకార్బొనేట్ ప్లాస్టిక్) షీట్ 0.010 అంగుళాలంటే పావు మిల్లీమీటరు. వేడిచేసి అచ్చు మీద లాగినప్పుడు అది సాగి ఇంకా పల్చబడుతుంది, లోతైన చోట మరీను. అందుకే ప్యాకెట్ మీద రాసింది చూసి ఊరుకోకుండా పైభాగం, ముక్కు అంచు, ముందు ఆర్చ్ పైన మైక్రోమీటర్‌తో కొలవండి. బుడగలు కనిపిస్తే షీట్‌ని సరిగా ఆరబెట్టలేదని అర్థం, పాలీకార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తుడవడానికి సబ్బు నీళ్లే వాడండి. అసిటోన్ తగిలితే షెల్ మసకబారి పగుళ్లిస్తుంది. కత్తిరించాక ఒకసారి, లోపలి వైపు పెయింట్ వేశాక ఇంకోసారి తూకం వేసి రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ట్రాక్. మీ దగ్గర ఇప్పటికే ఆమోదం పొంది అందరూ వాడుతున్న బాడీ ఒకటి ఉండాలి, పోలిక దానితోనే. ఒకే చాసిస్, అవే టైర్లు, అదే మోటార్, ఒకే లేన్, అదే వోల్టేజీ. మోటార్ వేడెక్కేదాకా తిప్పి, టైర్లు తుడిచి, పాత బాడీతో 20 ల్యాపులు, కొత్తదానితో 20, మళ్లీ పాతదానితో 20 తీయండి. ఆఖరున పాతది మళ్లీ ఎందుకంటే, ఈలోగా ట్రాక్ మారుతుంది, టైర్లూ మారతాయి. పాత బాడీ టైమ్ మొదటిసారికీ మూడోసారికీ బాగా తేడా వస్తే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అతి వేగమైన ల్యాప్‌ని పట్టించుకోకండి, టైములన్నీ వరసలో పేర్చి మధ్యలోది తీసుకోండి. ఆరితేరిన డ్రైవర్ ఎలాంటి బాడీనైనా తిప్పేస్తాడు కాబట్టి ఓ మోస్తరు డ్రైవర్‌తో కూడా తిప్పించండి.

టైమ్ తగ్గితే ఎక్కడ తగ్గిందో చూడండి. పొడవాటి వేగపు మలుపుల్లో మాత్రమే తగ్గితే అది గాలి పని, అంటే ఆకారం వల్ల. ఇరుకు మలుపుల్లో కూడా తగ్గితే బరువు తగ్గడం వల్లో, బిగింపు మారడం వల్లో అయ్యుంటుంది. తేల్చుకోవడానికి నేనైతే కొత్త షెల్ పైకప్పు లోపల టేప్ అతికించి, బరువు పాతదానికి సమానం చేసి మళ్లీ తిప్పుతాను. అప్పటికీ తేడా మిగిలితే పక్కల కొలతల దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే. ఈ మెట్టు దాటవేసి "ఫాస్ట్‌గా ఉంది, వద్దు" అనడం తయారుచేసినవాళ్లకు అన్యాయం.

గోడకు కొట్టినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. ముందు ఆర్చ్ దగ్గర, బాడీని చాసిస్‌కి బిగించే పిన్నులు దూరే రంధ్రాల దగ్గర చిరుగు మొదలవుతుంది. రంధ్రాలకు లోపల టేప్ వేసినా ఒక సాయంత్రం రేసు తట్టుకోలేని షెల్‌తో కొత్తగా వచ్చినవాళ్ల జేబుకి చిల్లు పడుతుంది. ఆ మాట నివేదికలో తప్పక రాస్తాను.

నిర్ణయం ఓకే, కాదు, సరిచేసి తీసుకురండి, ఈ మూడింట్లో ఏదో ఒకటి కావాలి, పక్కనే కారణం ఉండాలి. ఆమోదించిన జాబితాలో కారు పేరుతో పాటు ఏడాది, ఎవరి అచ్చు, షీట్ మందం రాయండి. ఒకే కారుని ఇద్దరు తయారుచేస్తే రెండూ వేర్వేరు బాడీల కిందే లెక్క. కత్తిరించకుండా ఉంచిన మొదటి షెల్‌ని కవర్‌లో పెట్టి, సీల్ చేసి, తేదీ వేసి దాచండి. అచ్చు అరిగిందనో పగిలిందనో తయారుచేసినవాళ్లు కొత్తది చేయించినప్పుడు, కొత్త షెల్‌ని దీని పక్కన పెట్టి ఆర్చ్‌లు, పక్కలు, తోక ఎత్తు మళ్లీ కొలవండి. అన్నీ కలిస్తే పాత ఆమోదమే చెల్లుతుంది, ఒక్కటి తేడా వచ్చినా కొత్త దరఖాస్తు పెట్టమనండి.